తామర ఎందుకు తిరగబెడుతుంది?

వేంపల్లె చుట్టుపక్కల చీనీ తోటలు చాలా ఉన్నాయి. గంపలో ఒక చీనీకాయకు పచ్చబూజు పడితే నాలుగు రోజుల్లో పక్క కాయలకూ పాకుతుంది. తడి ఆరని శెనక్కాయలు మూట కట్టినా బూజు పడుతుంది. మనిషి ఒంటికీ ఒక రకం బూజు పడుతుంది. అదే తామర. పేరు పువ్వుది, బాధ మాత్రం చెప్పుకోలేనిది.

తామర మొదట చిన్న ఎర్ర మచ్చగా వస్తుంది. తర్వాత గుండ్రంగా పెరుగుతుంది. అంచు ఉబ్బి పొట్టు రాలుతుంది. నడుమ చర్మం మామూలుగా కనిపిస్తుంది. నవ మాత్రం నిద్ర పోనివ్వదు. గజ్జల్లో, చంకల్లో, రొమ్ముల కింద, నడుము చుట్టూ ఎక్కువగా వస్తుంది.

ఈ బూజుకు చెమట కావాలి, వెచ్చదనం కావాలి. పగలంతా చేనిలో పనిచేసే వారి నడుము దగ్గర ఈ రెండూ ఉంటాయి. పావడ బొందు చెమటకు తడిసి అక్కడే ఒరుసుకుంటుంది. మొలతాడు సంగతి చెప్పనక్కర లేదు. స్నానం చేసినా అది ఆరదు. తామర ఉన్నన్నాళ్లు మొలతాడు తీసేయడమే మంచిది. ఇంట్లో పెద్దవాళ్లు ఏమన్నా అననీ.

గజ్జల్లో వచ్చిన జబ్బును చూపించుకోవడానికి చాలామందికి సిగ్గు. ఆడవాళ్లకు మరీ సిగ్గు. అందుకే మందుల అంగడికి పోయి, "నవకు ఏదైనా ఇవ్వన్నా" అని అడుగుతారు. అంగడాయన ఒక ట్యూబు ఇస్తాడు. పూస్తే రెండు రోజుల్లో నవ తగ్గుతుంది. ఎరుపు పోతుంది. జబ్బు పోయిందని పూయడం మానేస్తారు. పది రోజులకు అది ఇంకా పెద్దదై వస్తుంది. మళ్లీ అదే ట్యూబు!

ఇలాంటి ట్యూబులు చాలావాటిలో స్టెరాయిడ్ అనే మందు కలిసి ఉంటుంది. బెటామెథాసోన్, క్లోబెటసాల్ అనేవి ఆ రకం మందులే. స్టెరాయిడ్ బూజును చంపదు. బూజుతో పోరాడే ఒంటి శక్తిని అణచివేస్తుంది. అందుకే నవ తగ్గుతుంది, బూజు మాత్రం చాటుగా పాకుతుంది. గుండ్రటి అంచు చెరిగిపోయి, డాక్టరుకు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఎక్కువ రోజులు పూస్తే చర్మం పలచబడి చారలు పడతాయి. ఆ చారలు పూర్తిగా పోవు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పూతమందులు పలు రకాలను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని ఆదేశించింది. అయినా అడిగితే ఇచ్చే అంగళ్లు ఉన్నాయి.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. మామూలు మందుకు లొంగని తామర మన దేశంలో పెరిగింది. దానిని కలిగించే బూజుకు 2020లో జపాన్ శాస్త్రవేత్తలు ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. ఆ పేరులోని 'ఇండో' మన దేశమే. టెర్బినాఫిన్ అనే మంచి మాత్ర దానిమీద చాలాసార్లు పనిచేయదు. అది ఇప్పుడు అమెరికా దాకా పోయింది.

మరి మందు లేదా? ఉంది. డాక్టరు మచ్చ అంచున పొట్టు గీరి, మందు చుక్క వేసి, సూక్ష్మదర్శినిలో చూస్తారు. బూజు పోగులు దారాల మాదిరి కనిపిస్తాయి. కొద్దిగా ఉంటే క్లోట్రిమజోల్ వంటి పూతమందు చాలు. మచ్చ మీదే కాదు, దాని చుట్టూ రెండు వేళ్ల మేర పూయాలి. మచ్చ పోయాక కూడా రెండు వారాలు పూయాలి. ఎక్కువగా ఉంటే ఇట్రాకొనజోల్ వంటి మాత్రలు వారాల తరబడి వాడాల్సి ఉంటుంది. కడుపుతో ఉన్నవారు, కాలేయం జబ్బు ఉన్నవారు ఆ సంగతి ముందే డాక్టరుకు చెప్పాలి.

ఇంట్లో ఒకరికి తగ్గి ఇంకొకరికి ఉంటే మళ్లీ అంటుకుంటుంది. అందుకే ఉన్నవారందరూ ఒకేసారి వైద్యం చేయించుకోవాలి. తువ్వాలు ఎవరిది వారికే ఉండాలి. బట్టలు వేడినీళ్లలో ఉతికి, తిరగేసి, ఎండలో ఆరేయాలి. వేంపల్లెలో ఎండకు కొదవ లేదు గదా! జిల్లేడు పాలు పూస్తే చర్మం కాలి పుండవుతుంది.

నవ ఉన్నదంతా తామర కాదు. గజ్జి పురుగు వల్ల వస్తుంది, దాని మందు వేరు. స్పర్శ తెలియని మచ్చ ఉంటే వెంటనే ఆశా కార్యకర్తకు చూపించాలి. అది కుష్ఠు కావచ్చు, దానికీ మందు ఉంది. తామర పదేపదే వస్తుంటే చక్కెర జబ్బు ఉందేమో పరీక్ష చేయించుకోవాలి.

కడప పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టర్లు ఉన్నారు. పోయేటప్పుడు ఇంతవరకు పూసిన ట్యూబులు, అయిపోయినవి కూడా, వెంట తీసుకుపోవాలి. వాటిలో ఏముందో డాక్టరు చదివి చెబుతారు.