అడవిలోని రాతి సిలువలు ఎవరివి?



ఇల్లందు నుండి గుండాల అడవులు దాటి గోదావరి వైపు వెళ్తే, జానంపేట, మల్లూరు, కాటాపురం ప్రాంతాలలో పెద్ద బండలతో కట్టిన పురాతన సమాధులు కనబడతాయి. జనం వాటిని రాకాసి గుళ్లు అంటారు. మల్లూరు, కాటాపురం దగ్గర ఆ సమాధుల ప్రక్కనే ఒకే ఇసుకరాతిలో చెక్కిన సిలువ ఆకారాలున్నాయి. కొన్ని మనిషికంటె ఎత్తైనవి. వాటిని చూడగానే, "పూర్వం ఇక్కడ మన సంఘం ఉండేదేమో!" అని మీకు అనిపించవచ్చు.

1868లో ముల్హెరన్ అనే అధికారి వీటిని గురించి వ్రాశాడు. 1872లో జేమ్స్ ఫెర్గూసన్ అనే పండితుడు ఇవి క్రైస్తవుల సిలువలే అని తలంచాడు. ఇందులో వింత లేదు. ఇంగ్లండులో మధ్యయుగాలలో గుడి ఆవరణలో, సమాధుల నడుమ రాతి సిలువను నిలిపేవారు. 1643లో పార్లమెంటు ఆజ్ఞతో అనేక సిలువలను పడగొట్టారు. నేటికీ కొన్ని ఊళ్లలో మెట్లు, మొండి స్తంభం మాత్రమే మిగిలి ఉన్నాయి. అవి ఎరిగిన కన్ను ఇక్కడ కూడా సిలువనే చూసింది.

అయితే రాళ్లను నిదానంగా పరిశీలించండి. చెన్నైలోని సెయింట్ థామస్ కొండపై 1547లో దొరికిన సిలువ మీద పహ్లవీ అక్షరాలున్నాయి. గోదావరి రాళ్ల మీద అటువంటి వ్రాత లేదు. పై భాగం తల, అడ్డంగా ఉన్నవి భుజాలు. కొన్ని స్త్రీ రూపాలని చెక్కడమే చెబుతుంది. ఇటువంటి సమాధులలో ఇనుప పనిముట్లు, నలుపు ఎరుపు రంగుల కుండలు దొరికాయి. ఇవి ఇనుపయుగపు జనులు తమ మృతుల కొరకు నిలిపిన మనుష్య రూపాలని పురావస్తు శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. ఆ ఆచారం క్రీస్తుకు వందల ఏండ్ల ముందే మొదలైనది.

ఇది విని మీరు నిరాశపడుతున్నారా? పడవద్దు. అబద్ధ సాక్ష్యము పలుకవద్దన్న ఆజ్ఞ రాళ్ల విషయంలోనూ వర్తిస్తుంది. మన విశ్వాసం ఈ రాళ్లపై నిలువలేదు. వాటిని మనవని చెప్పుకొనే అవసరమూ లేదు.

అబ్రాహాము శారాను పాతిపెట్టుటకు నాలుగు వందల తులముల వెండి తూచి ఇచ్చి మక్పేలా గుహను కొన్నాడు. తన మృతులను గౌరవించినవాడు మనకు పితరుడు. మరి ఇతరుల మృతులను మనమెట్లు చూడాలి? ఆ రాళ్లకు సున్నం వేయకండి, పేర్లు చెక్కకండి. గుప్తనిధుల ఆశతో తవ్వేవారిని చూచి ఊరకుండకండి, అధికారులకు తెలుపండి. మీ పిల్లలను తీసుకువెళ్లి సత్యం చెప్పండి.

దేవుడు మిమ్మును దీవించును గాక. ఆమెన్.