ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే లేదు: ఒక్క స్పేర్ పార్ట్ కూడా లేకుండా కొత్త పీసీలో తప్పు ఎలా పట్టుకున్నాం?

ఆదివారం సాయంత్రం ఆరున్నర. జడ్చర్లలో మా చిన్నాయన ఇంట్లో కొత్త పీసీకి మొదటిసారి పవర్ ఇచ్చాం. ఫ్యాన్లు తిరిగాయి, కేస్‌లో లైట్లు వెలిగాయి. తమ్ముడు ఫోన్ పట్టుకుని వీడియో తీస్తున్నాడు. పది సెకన్లు, ఇరవై, ముప్పై... మానిటర్ మీద 'నో సిగ్నల్' అని వచ్చింది. కాసేపటికి అదీ పోయి స్క్రీన్ నల్లబడింది.

"అన్నా, బొమ్మ వస్తలేదేంది?" అన్నాడు వీడియో ఆపేసి.

పార్ట్స్ అన్నీ ముందురోజే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో, అదే మనందరం సీటీసీ అనే చోట, కొన్నాం. బాదేపల్లి మార్కెట్ యార్డులో చిన్నాయన పల్లికాయ అమ్మిన డబ్బులవి. షాపులో వాళ్లే బిగించి, ఆన్ చేసి చూపిస్తామన్నారు. "అక్కర్లేదు, నేను బిగిస్తా" అన్నది నేనే. బీటెక్ చేశా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఇంతకుముందు రెండు పీసీలు బిగించా. ఇంకేం కావాలి అనుకున్నా.

చిన్నాయన తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. "కొత్త సామానేనా ఇది? పాతది అంటగట్టిన్రా ఏంది?" అన్నాడు. నాకేమో సోమవారం పొద్దున హైదరాబాద్‌లో ఆఫీసు.

ఇలాంటప్పుడు అందరూ ఇచ్చే సలహా ఒకటే: వేరే ర్యామ్ పెట్టి చూడు, వేరే ఎస్ఎంపీఎస్ పెట్టి చూడు. ఆదివారం రాత్రి అవన్నీ ఎక్కడ దొరుకుతాయి? అందుకే మేం పార్ట్స్ మార్చి చూడలేదు. ఒక్కొక్కటే తీసేస్తూ చూశాం. దానికి స్పేర్ పార్ట్స్ అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

ఫ్యాన్ తిరిగిందంటే అర్థం ఏంటి?

ఎస్ఎంపీఎస్ నుంచి బోర్డుకు కరెంటు వస్తోందని మాత్రమే. ప్రాసెసర్ పనిచేస్తోందని కాదు. పవర్ నొక్కగానే మదర్‌బోర్డు ఒక పరీక్ష పెడుతుంది. దాన్నే పోస్ట్ అంటారు, పవర్ ఆన్ సెల్ఫ్ టెస్ట్. ప్రాసెసర్, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు సరిగ్గా పలికితేనే స్క్రీన్ మీద బొమ్మ వస్తుంది. ఎక్కడ ఆగిందో కనిపెట్టడమే మన పని.

ముందు తేలికైనవి

మానిటర్ ఇన్‌పుట్ హెచ్‌డీఎంఐకే ఉందా అని చూశాం. ఉంది. కేబుల్ మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టామా? పెట్టాం. ఇది చాలామంది పొరపాటు పడే చోటు. మా ప్రాసెసర్ రైజెన్ 5 5600. దీంట్లో గ్రాఫిక్స్ ఉండవు కాబట్టి, మదర్‌బోర్డు మీద హెచ్‌డీఎంఐ పోర్టు ఉన్నా అందులోంచి ఏమీ రాదు. పేరు చివర జి ఉన్న 5600జిలో గ్రాఫిక్స్ ఉంటాయి. ఇంటెల్‌లో అయితే 12400ఎఫ్ లాగా చివర ఎఫ్ ఉన్నవాటిలో ఉండవు.

తర్వాత పవర్. బోర్డుకు 24 పిన్నుల కనెక్టర్ ఒక్కటే సరిపోదు. పైన మూలలో ప్రాసెసర్ కోసం విడిగా 8 పిన్నుల కనెక్టర్ ఉంటుంది. అది మర్చిపోయినా ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే మాత్రం రాదు. గ్రాఫిక్స్ కార్డు కేబుల్ కూడా 8 పిన్నులదే కానీ రెండూ ఒకటి కాదు. ప్రాసెసర్‌ది సాధారణంగా 4+4గా, కార్డుది 6+2గా విడిపోతుంది. బలవంతంగా దూర్చొద్దు. మావి రెండూ సరిగ్గానే ఉన్నాయి.

బోర్డు తనే చెప్తుంది

ఇప్పుడు చాలా బోర్డుల మీద ఒక అంచున నాలుగు చిన్న లైట్లు ఉంటాయి: సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్. ఏ లైటు దగ్గర ఆగిపోతే పరీక్ష అక్కడ ఆగినట్టు. కేస్ లైట్ల వెలుగులో నేను వాటిని చూడనేలేదు. తమ్ముడే చూశాడు: "అన్నా, డీర్యామ్ కాడ పసుపు లైటు ఆగింది."

ప్లగ్ తీసి, కేస్ ఇనుమును ఒకసారి ముట్టుకుని, రెండు ర్యామ్‌లూ బయటికి తీశాం. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. ఒక్క ర్యామ్‌నే రెండో స్లాట్‌లో 'టక్' అని వినిపించే దాకా నొక్కాం. అదే లైటు. రెండో ర్యామ్ పెట్టాం. అదే లైటు. నాలుగో స్లాట్‌లో చూశాం. అదే.

ఇక్కడ కొంచెం ఆలోచించండి. కొత్త ర్యామ్‌లు రెండూ ఒకేసారి పోవడం అరుదు. అంటే లైటు ర్యామ్‌ను చూపిస్తున్నా, తప్పు ర్యామ్‌లో కాకపోవచ్చు. బోర్డు మీద గుండ్రటి సీఆర్2032 బ్యాటరీ తీసి, ఐదు నిమిషాలాగి పెట్టి, బయోస్ సెట్టింగులు రీసెట్ చేశాం. మార్పు లేదు.

అప్పటికి తొమ్మిదైంది. నిజం చెప్పాలంటే, అన్నీ సర్దేసి పొద్దున బస్సులో సీటీసీకి తీసుకెళ్దాం అనుకున్నా. వెళ్లి ఉంటే ఏమయ్యేదో తర్వాత చెప్తా.

కేస్‌లోంచి బయటికి

చివరి ప్రయత్నంగా బోర్డును కేస్‌లోంచి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీద పెట్టాం. దాని యాంటీ స్టాటిక్ కవర్ మీద మాత్రం పెట్టి ఆన్ చేయొద్దు, కొన్ని కవర్ల పైభాగం కరెంటును పోనిస్తుంది. ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు. అంతే. ఎస్ఎస్‌డీ లేదు, ముందు యూఎస్‌బీ వైర్లు లేవు. కేస్ బటన్ లేదు కాబట్టి పవర్ స్విచ్ పిన్నులు రెండింటినీ స్క్రూడ్రైవర్ మొనతో ఒక్క క్షణం కలిపా.

ఎనిమిది సెకన్లకు బయోస్ స్క్రీన్ వచ్చింది. తమ్ముడు అరిచిన అరుపుకు లోపలి నుంచి చిన్నమ్మ పరిగెత్తుకొచ్చింది.

పార్ట్స్ అన్నీ బాగున్నాయి. బయట పనిచేసింది, లోపల పనిచేయలేదు. మిగిలింది కేస్ ఒక్కటే. టార్చ్ వేసి చూస్తే తెలిసింది. బోర్డు కేస్ ఇనుముకు తగలకుండా కింద ఇత్తడి స్టాండాఫ్‌లు బిగిస్తాం కదా, అందులో ఒకదాన్ని నేను పక్క రంధ్రంలో బిగించా. మా బోర్డుకు అక్కడ రంధ్రమే లేదు. ఆ ఇత్తడి మొన సరిగ్గా ర్యామ్ స్లాట్ల వెనక, టంకం చుక్కలకు తగులుతోంది. షార్ట్.

అప్పుడు గుర్తొచ్చింది. బోర్డుకు ఎనిమిది స్క్రూలు. ఏడు పట్టాయి, ఎనిమిదోది పట్టలేదు. "ఏడు చాలులే" అని దాన్ని కిటికీ గట్టు మీద పెట్టేశా. అది ఇంకా అక్కడే ఉంది.

స్టాండాఫ్ సరైన చోటికి మార్చి, ఎనిమిదీ బిగించి, మళ్లీ ఆన్ చేశాం. వచ్చింది. షార్ట్‌తో అన్నిసార్లు ఆన్ చేసినా బోర్డు పోకపోవడం మా అదృష్టం. అందరికీ అలా ఉండకపోవచ్చు.

పొద్దున బస్సెక్కి ఉంటే ఏమయ్యేది? షాపులో బోర్డును బల్ల మీద పెట్టి చూసేవాళ్లు. బొమ్మ వచ్చేది. "బాగానే ఉంది కదా" అనేవాళ్లు. ఎనభై కిలోమీటర్లకు పైగా వెనక్కొచ్చి మళ్లీ అదే కేస్‌లో బిగిస్తే, మళ్లీ అదే నల్ల స్క్రీన్. అప్పుడు చిన్నాయన అనుమానం షాపు మీద ఇంకా పెరిగేది. తప్పేమో నాది.

మీ పీసీలో కారణం వేరే అయితే

పాత బి450 బోర్డు మీద రైజెన్ 5000 ప్రాసెసర్ పెడితే, బయోస్ పాతది అయినప్పుడు ఇలాగే డిస్‌ప్లే రాదు. ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డుల్లో పెన్‌డ్రైవ్‌తో అప్‌డేట్ చేసుకోవచ్చు. డీడీఆర్5 వాడే ఏఎం5 బోర్డు అయితే మొదటిసారి ర్యామ్‌ను సరిచూసుకోవడానికే కొన్ని నిమిషాలు పట్టొచ్చు, కంగారుపడి మధ్యలో ఆపేయొద్దు. ఏది చేసినా ఒకసారికి ఒక్క మార్పే చేయండి. రెండు కలిపి మారిస్తే, బొమ్మ వచ్చినా దేనివల్ల వచ్చిందో తెలీదు. ఎస్ఎంపీఎస్‌ను మాత్రం ఎప్పుడూ విప్పొద్దు.

విండోస్ ఎక్కుతుండగా చిన్నాయనకు ఆ స్టాండాఫ్ సంగతి ఉన్నదున్నట్టు చెప్పా. షాపు వాళ్ల తప్పేం లేదని కూడా చెప్పా. కిటికీ గట్టు వైపు ఒకసారి చూసి, "గింత స్క్రూ కోసమా గింత లొల్లి?" అని నవ్వి భోజనానికి లేచాడు.

స్క్రూ పట్టకపోతే పక్కన పెట్టకండి. ఎందుకు పట్టలేదో చూడండి.