పీహెచ్‌పీ వెబ్‌సైట్లలో అతిథి సందర్శకులకు ప్రత్యేక సందేశాలు: కరీంనగర్, ఆదిలాబాద్ భాషా నేపథ్యంలో పరిశీలన

వ్యాస సంగ్రహం: లాగిన్ కాని సందర్శకులకు వెబ్‌సైట్ చూపే సందేశం వెనుక ఉన్న పీహెచ్‌పీ ప్రక్రియను ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగు వికీపీడియాను ఆధారంగా చేసుకొని, ఉత్తర తెలంగాణ బహుభాషా పరిస్థితిలో ఆ సందేశాన్ని ఎలా రూపొందించాలో చర్చిస్తుంది.

కీలక పదాలు: పీహెచ్‌పీ, సెషన్, అతిథి సందర్శకులు, యూనికోడ్, గోండీ, తెలుగు వికీపీడియా.

1. ప్రవేశిక

రాకకు తిథి నియమం లేనివాడు అతిథి అని సంప్రదాయ వ్యుత్పత్తి. వెబ్ పరిభాషలో లాగిన్ కాకుండా పుట తెరిచిన వ్యక్తి అతిథి. వచ్చినవారెవరో ముందుగా తెలియకపోవడం రెండింటికీ సమానం. విశ్వవిద్యాలయం, కళాశాల, గ్రంథాలయం వంటి సంస్థల వెబ్‌సైట్లకు తొలిసారి వచ్చే విద్యార్థి అతిథిగానే వస్తాడు. అతనికి కనిపించే మొదటి వాక్యం అర్థం కాకపోతే తరువాతి పుటలన్నీ ఉండీ లేనట్టే. కాబట్టి అతిథి సందేశం అలంకారం కాదు, ప్రవేశద్వారం.

2. అతిథిని గుర్తించే విధానం

రాస్మస్ లెర్డార్ఫ్ 1995లో బహిరంగంగా విడుదల చేసిన పీహెచ్‌పీ సర్వర్‌లో నడిచే భాష. బ్రౌజర్ పుటను కోరిన ప్రతిసారీ అది పుటను కొత్తగా కూర్చి పంపగలదు. అయితే హెచ్‌టీటీపీ విధానానికి జ్ఞాపకం లేదు. ఒక అభ్యర్థనకూ మరో అభ్యర్థనకూ సంబంధం దానంతట అది తెలుసుకోలేదు. ఈ లోటును సెషన్ తీరుస్తుంది. సర్వర్ ఒక గుర్తింపు సంఖ్యను కుకీ రూపంలో బ్రౌజర్‌కు పంపి, దానికి చెందిన సమాచారాన్ని తన వద్ద ఉంచుకుంటుంది.

లాగిన్ సఫలమైనప్పుడు సభ్యుని సంఖ్యను సెషన్‌లో నమోదు చేస్తారు. పుట తయారయ్యేటప్పుడు ఆ సంఖ్య ఉన్నదా లేదా అని పీహెచ్‌పీ పరీక్షిస్తుంది. ఉంటే సభ్యుల సందేశం, లేకుంటే అతిథి సందేశం. ప్రక్రియ మొత్తం ఈ ఒక్క షరతుపై నిలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. సెషన్ కుకీ హెడర్‌లో వెళ్తుంది కనుక, పుటలోని ఏ అక్షరమూ బయటికి వెళ్లకముందే సెషన్ ప్రారంభం కావాలి. తెలుగు పాఠమున్న ఫైలును కొన్ని ఎడిటర్లు యూటీఎఫ్-8లో భద్రపరుస్తూ మొదట కంటికి కనిపించని మూడు బైట్ల గుర్తును చేరుస్తాయి. అవుట్‌పుట్ బఫరింగ్ లేనిచోట ఆ మూడు బైట్లే ముందుగా వెళ్లి సెషన్‌ను అడ్డుకుంటాయి. ఫైలును ఆ గుర్తు లేకుండా భద్రపరచడమే పరిష్కారం.

3. తెలుగు వికీపీడియా: ఒక నమూనా

2003లో మొదలైన తెలుగు వికీపీడియా మీడియావికీ అనే పీహెచ్‌పీ సాఫ్ట్‌వేర్‌పై నడుస్తుంది. అందులో అందరికీ ఉద్దేశించిన ‘సైట్‌నోటీస్’, లాగిన్ కానివారికి మాత్రమే ఉద్దేశించిన ‘అనాన్‌నోటీస్’ అనే రెండు సందేశాలకు వీలుంది. రెండవది రాయకుంటే అతిథికి మొదటిదే కనిపిస్తుంది. ఈ సందేశాలు ప్రోగ్రామ్‌లో కాక వికీ పుటల్లో ఉంటాయి. అందువల్ల ప్రోగ్రామింగ్ తెలియని నిర్వాహకులు సైతం వాటిని తెలుగులో సవరించగలరు. లాగిన్ కాకుండా దిద్దుబాటు చేసేవారికి వారి ఐపీ చిరునామా బహిరంగంగా నమోదవుతుందని చాలా కాలం ఈ సాఫ్ట్‌వేర్ ముందుగానే హెచ్చరించేది. మంచి అతిథి సందేశం స్వాగతం పలకడంతో ఆగదు. అతిథి చేయబోయే పని ఫలితాన్నీ తెలుపుతుందని ఈ ఉదాహరణ చూపుతుంది.

4. ఏ భాషలో పలకరించాలి?

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో తెలుగుతో పాటు ఉర్దూ ఉంది. ఆదిలాబాద్ ప్రాంతంలో గోండీ, కొలామీ, మరాఠీ, లంబాడీ వ్యవహారంలో ఉన్నాయి. బ్రౌజర్ తన భాషా ప్రాధాన్యాన్ని ఒక హెడర్‌లో పంపుతుంది. పీహెచ్‌పీ దానిని చదవగలదు. అయితే అది పరికరం అమరికను తెలుపుతుందే తప్ప మనిషి మాతృభాషను కాదు. ఇంగ్లిషు అమరిక ఉన్న ఫోనును ఉట్నూరు విద్యార్థి వాడితే సర్వర్‌కు ఇంగ్లిషే వినిపిస్తుంది. ఐపీ చిరునామాను బట్టి ఊరిని ఊహించినా, ఊరిని బట్టి భాషను నిర్ణయించలేం. కనుక హెడర్‌ను తొలి సూచనగా మాత్రమే తీసుకొని, భాషను ఎంచుకునే వీలు అదే సందేశంలో కల్పించాలి. ఉర్దూ సందేశానికి కుడి నుండి ఎడమకు సాగే దిశను కూడా పేర్కొనాలి.

అంతర్జాతీయ భాషా సంకేతాలలో ఆదిలాబాద్ గోండీకి ‘డబ్ల్యూఎస్‌జీ’ అనే ప్రత్యేక సంకేతం ఉంది. మరోవైపు, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సమ్మతి కోరే నోటీసును ఇంగ్లిషులో గాని ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలోనైనా గాని చదువుకునే వీలు ఉండాలంటుంది. తెలుగు, ఉర్దూ, మరాఠీ ఆ జాబితాలో ఉన్నాయి, గోండీ లేదు. చట్టం కోరని చోట సంస్థ బాధ్యత మొదలవుతుంది.

5. లిపి, నిల్వ

తెలుగు సంకేతం ఒక్కొక్కటి యూటీఎఫ్-8లో మూడు బైట్లు. ‘అతిథి’ చూపుకు మూడక్షరాలు, యూనికోడ్‌లో ఐదు సంకేతాలు, నిల్వలో పదిహేను బైట్లు. పీహెచ్‌పీలోని సాధారణ పొడవు ఫంక్షన్ 15 అంటుంది, మల్టీబైట్ ఫంక్షన్ 5 అంటుంది, ఇంటల్ విస్తరణలోని గ్రాఫీమ్ ఫంక్షన్ 3 అంటుంది. సందేశాన్ని కుదించేటప్పుడు మొదటిది వాడితే అక్షరం మధ్యలో తెగుతుంది. రెండవది వాడి నాలుగు సంకేతాలకు కుదిస్తే ‘అతిథ’ మిగిలి గుడి పోతుంది. మూడవదే పాఠకుని చూపుకు దగ్గర.

ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామం పేరుతో ప్రసిద్ధమైన గుంజాల గోండీ లిపి 2018లో యూనికోడ్ 11.0లో చేరింది. దీని సంకేతాలకు నాలుగేసి బైట్లు కావాలి. మైఎస్‌క్యూఎల్‌లో ‘యూటీఎఫ్8’ అనే పాత అమరిక మూడు బైట్లకే పరిమితం. తెలుగు అందులో ఇబ్బంది లేకుండా నిలుస్తుంది, గుంజాల గోండీ నిలవదు. ‘యూటీఎఫ్8ఎంబీ4’ అమరిక ఎంచుకుంటేనే రెండూ నిలుస్తాయి. తెలుగు సరిగా కనిపించినంత మాత్రాన ప్రాంతంలోని భాషలన్నింటికీ చోటు దొరికినట్లు కాదని దీని సారాంశం.

6. ఉమ్మడి కంప్యూటర్లు, భద్రత

ఇంటర్నెట్ కేంద్రంలోనో కళాశాల ప్రయోగశాలలోనో ఒకే కంప్యూటర్‌ను పలువురు వాడతారు. పాత కుకీ ఆధారంగా అతిథిని పేరుతో పలకరిస్తే ఒకరి వివరం మరొకరికి తెలుస్తుంది. అందుచేత అతిథి సందేశంలో పేరు ఉండకూడదు. లింగభేదం లేని ‘మీరు’ చాలు. చిరునామా పట్టీ నుండి వచ్చిన ఏ పదాన్నయినా పుటలో చూపేముందు హెచ్‌టీఎంఎల్ గుర్తులను నిర్వీర్యం చేయాలి, లేకుంటే హానికర కోడ్ ప్రవేశిస్తుంది. పుటలను కాష్ చేసేచోట సభ్యుల పుటను కాష్‌లో ఉంచరాదు. అతిథి పుటను భాషల వారీగా విడివిడిగా ఉంచాలి.

7. ముగింపు

అతిథి గురించి సర్వర్‌కు నిశ్చయంగా తెలిసినది ఒక్కటే: అతడు లాగిన్ కాలేదు. మిగిలినవన్నీ ఊహలు. ఈ పరిశీలనలో తేలిన అంశాలు:
1. సందేశాన్ని ఊహపై కాక నిశ్చయంపై నిర్మించాలి.
2. సందేశ పాఠాన్ని ప్రోగ్రామ్ నుండి వేరుచేసి, భాష తెలిసినవారి చేతికి అప్పగించాలి.
3. భాషా నిర్ణయాన్ని సందర్శకులకే వదలాలి.
4. నిల్వ వ్యవస్థను తెలుగుకే కాక గోండీ లిపులకూ సరిపోయేలా మొదటే అమర్చాలి.

షరతు రాయడం ఒక్క వరుస పని. ఆ వరుస చివర ఉంచే వాక్యం ఎవరికి అర్థమవుతుందన్నదే అసలు ప్రశ్న.