బుట్ట చేతుల జాకెట్టు, లక్క రికార్డు... ఓ డిగ్రీ అమ్మాయి వేసవి!

డిగ్రీ ప్యాసయిన ఇద్దరు నిరుద్యోగులు. ఒక ఊళ్లో పంతులు ఉద్యోగాలు ఖాళీ ఉన్నాయి. కానీ వచ్చేవాళ్లు భార్యాభర్తలై ఉండాలని షరతు! వీళ్లిద్దరికీ పెళ్లే కాలేదు. ఏం చేస్తారు పాపం? ఆలుమగలమని అబద్ధమాడి ఉద్యోగంలో చేరిపోతారు. 1955లో విజయా వారు అందించిన 'మిస్సమ్మ' కథ ఇదేనని ఈపాటికి మీరు కనిపెట్టేసే ఉంటారు. ఎన్‌.టి.రామారావు, సావిత్రి ఆ నిరుద్యోగులు. ఎల్‌.వి.ప్రసాద్‌ దర్శకుడు.

అప్పటికీ ఇప్పటికీ ఎన్నో మారాయి గాని, డిగ్రీ చేతికి వచ్చాక ఉద్యోగం చేతికి వచ్చే దాకా ఉండే ఆ నాలుగు నెలలు మాత్రం మారలేదు. ఇంట్లో వాళ్లు అడగరు, కాని చూస్తూ ఉంటారు. చుట్టాలు చూడరు, కాని అడుగుతూ ఉంటారు!

మా అక్కయ్య కూతురు ఈ ఏడాది బి.కాం. పూర్తి చేసింది. పేరు వేయొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది కనుక మేనకోడలు అనే చెప్పుకుందాం. ఈ వేసవిలో ఆమెకు పట్టుకున్న పిచ్చి పేరు 'పాతకాలం'. పాత జాకెట్లు, పాత పాటలు, పాత బొమ్మలు! ఇదంతా వట్టి సరదా అని మా బావగారు అనుకున్నారు. నిజం చెప్పొద్దూ, నేనూ అలాగే అనుకున్నాను.

సావిత్రి జాకెట్టు కావాలి!

బీజం పడింది 'మహానటి'తో. నాగ్‌ అశ్విన్‌ దర్శకత్వంలో 2018 మే 9న ఆ సినిమా వచ్చినప్పుడు మా అమ్మాయి హైస్కూల్లో ఉంది. సావిత్రిగా కీర్తి సురేష్‌కు జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చిన సంగతి అందరికీ తెలుసు. ఆ చిత్రానికి దుస్తుల రూపకల్పనలోనూ జాతీయ అవార్డు వచ్చిందని ఎంతమందికి గుర్తుంది? ఇంద్రాక్షి పట్నాయక్‌, గౌరంగ్‌ షా, అర్చనా రావు - ముగ్గురూ కలిసి అందుకున్నారు. పాత ఫోటోల్లోని చీరలను చూసి మళ్లీ మగ్గం మీద నేయించిన సినిమా అది. తెర మీద మెరిసింది కీర్తి ఒక్కతే కాదు, పేరు తెలియని నేతగాళ్ల చేతులు కూడా!

బుట్ట చేతుల జాకెట్టు కావాలని మేనకోడలు బజారంతా తిరిగింది. ధర విని గుండె గుభేల్‌మంది. ఇంటికొచ్చి మొహం ముడుచుకుంటే మా అమ్మ నవ్వి, "కొనడమెందుకే పిచ్చిదానా, మిషను ఉందిగా!" అంది. అటక మీది కుట్టుమిషను కిందికి దిగింది. నూనె పడింది. బెల్టు మారింది.

బుట్ట చెయ్యి అంటే చూడటానికి తేలిక, కుట్టడానికి కాదు. మామూలు చేతికన్నా భుజం దగ్గర గుడ్డ ఎక్కువ వదిలి కత్తిరించాలి. ఆ ఎక్కువ గుడ్డనంతా సన్నటి కుచ్చులుగా దగ్గరికి లాగి చంకరౌండులో ఇమడ్చాలి. కుచ్చులు ఒక పక్కే పోగైతే జాకెట్టు వంకర. గంజి పెట్టకపోతే బుట్ట వాలిపోతుంది. మొదటి జాకెట్టు మూడుసార్లు విప్పింది. రెండోది నాలుగు రోజులు పట్టింది. మూడోది తొడుక్కుని అద్దం ముందు నిలబడితే... మార్నింగ్‌ షోలకు పోయి 'మిస్సమ్మ' చూసిన మా అమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది!

మూడు నిమిషాల ముచ్చట

ఇక పాటల సంగతి. ఫోన్‌లో వేల పాటలున్నా, మేనకోడలు ఒక నియమం పెట్టుకుంది. రోజుకు ఒక్కటే పాత పాట. దాన్నే పదిసార్లు వినాలి. ఎక్కడ వీణ వచ్చింది, ఎక్కడ వయొలిన్లు తప్పుకున్నాయి, ఎక్కడ గాయని ఊపిరి తీసుకుంది - నోటుబుక్కులో రాసుకోవాలి. 'మిస్సమ్మ'తోనే మొదలు. సాలూరు రాజేశ్వరరావు సంగీతం, ఎ.ఎం.రాజా, పి.లీల గొంతులు. ఆ తర్వాత 1957 నాటి 'మాయాబజార్‌'. కొన్ని పాటలకు రాజేశ్వరరావు బాణీలు కట్టి తప్పుకుంటే మిగిలిన పని ఘంటసాల పూర్తి చేశారు. రెండు చేతులు కలిసిన ఆ సంగీతంలో ఎక్కడైనా అతుకు కనిపించిందా మీకు?

"మావయ్యా, పాత పాటలు చాలావరకు మూడు మూడున్నర నిమిషాలకే అయిపోతాయేం?" అని అడిగింది ఒకరోజు. కారణం రికార్డు! నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల గ్రామఫోను రికార్డులో ఒక పక్క పట్టేది సుమారుగా అంతే. పాట పెద్దదైతే సగంలో పళ్లెం తిరగేయాలి. పైగా ఆ రోజుల్లో గాయకులు, వాద్యగాళ్లు అందరూ ఒకేసారి పాడి వాయించాలి. ఒక్కరు తప్పితే మళ్లీ మొదటికి!

అన్నట్టు, ఆ రికార్డులు ఏమిటితో చేసేవారో తెలుసా? లక్కతో! చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు పెట్టే జిగురు నుంచి తీసిన సరుకది. అందుకే చేతి నుంచి జారితే పలకలా పగిలిపోయేవి.

ఏటికొప్పాక దారి

లక్క మాట వినగానే మేనకోడలికి చిన్నప్పుడు ఆడుకున్న లక్కపిడతలు గుర్తొచ్చాయి. ఇంకేం, ఒక ఆదివారం ఏటికొప్పాక ప్రయాణం! వరాహ నది ఒడ్డున, ఇప్పటి అనకాపల్లి జిల్లాలో ఉంది ఆ ఊరు. అక్కడి బొమ్మలకు అంకుడు కర్ర కావాలి. తిరిగే చట్రానికి కర్ర బిగించి, ఉలితో నున్నగా తోలి, రంగు కలిపిన లక్కపుల్లను ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. ఆపైన మొగలి ఆకుతో రుద్దితే అద్దంలా మెరుపు! పసుపు, నీలిమందు, జాఫ్రా గింజలు - రంగులన్నీ ఇలాంటి వాటివే. మధ్యలో రసాయన రంగులు వచ్చిపడితే, చెట్ల రంగులను మళ్లీ నిలబెట్టడానికి ఏళ్ల తరబడి పాటుపడిన సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

అక్కడ ఒక చిన్న సంగతి జరిగింది. బొమ్మ ధర అడిగి, అలవాటుగా బేరం మొదలుపెట్టబోయాను. మేనకోడలు నా చెయ్యి పట్టుకుని ఆపింది. అడిగినంతా ఇచ్చేసింది! దారిలో ఎందుకని అడిగితే, "ఒక్క జాకెట్టుకే నాకు నాలుగు రోజులు పట్టింది మావయ్యా!" అంది. అంతే. ఆ ఒక్క మాటతో ఈ పాతకాలం పిచ్చి నాకు అర్థమైంది.

డిగ్రీ చదివింది ఇందుకా?

ఇంట్లో మాత్రం తుఫాను రానే వచ్చింది. "డిగ్రీ చదివించింది జాకెట్లు కుట్టడానికా?" అని మా బావగారు గొంతు పెంచారు. ఆయన్ని తప్పుపట్టలేం. ఫీజులు కట్టిన తండ్రి బాధ అది. మేనకోడలు ఎదురు చెప్పలేదు. ఉదయం బ్యాంకు పరీక్షల కోచింగు, మధ్యాహ్నం మిషను అని ఒప్పందం కుదిరింది. పక్కవీధి ఆవిడ ఒకామె జాకెట్టు కుట్టించుకుని డబ్బులిస్తే, ఆ మొదటి సంపాదన తెచ్చి తండ్రి చేతిలో పెట్టింది. ఆయన ఏమీ అనలేదు. నోట్లు మాత్రం ఖర్చు పెట్టకుండా క్యాలెండరు వెనక దాచారు!

బ్యాంకు ఉద్యోగం వస్తుందో రాదో ఇంకా తెలియదు. పరీక్ష ముందుంది. కాని చేత్తో చేసిన వస్తువుకు ఎంత విలువ కట్టాలో ఆ పిల్లకు తెలిసిపోయింది. అది ఏ పరీక్షలోనూ పోయే మార్కు కాదు.

పాతకాలపు ఫ్యాషనంటే మోజుపడే అభిమానులారా! సావిత్రిలా ముస్తాబై ఫోటో దిగండి, కాదనం. ఆ జాకెట్టులో ఒక్క కుచ్చయినా మీరే కుట్టి చూడండి. పాట పెట్టుకుంటే వయొలిన్లు వాయించినవాళ్ల కోసం కూడా ఒకసారి వినండి. బొమ్మ కొంటే చేసినవాళ్లకు అడిగిన ధర ఇవ్వండి. మళ్లీ ఉద్యోగంలో చేరాక ఇంత తీరిక దొరకదు సుమా!