కృష్ణానది: ఉపనదులు, పాయలు, డెల్టా వరద

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు
– ఉపనదికీ పాయకూ గల తేడాను వివరించగలుగుతారు.
– కృష్ణానది ముఖ్య ఉపనదులను గుర్తించగలుగుతారు.
– ఉపనది కలిసే చోటును బట్టి డెల్టాలో వరద తీరు ఎలా మారుతుందో చెప్పగలుగుతారు.

1. పరిచయం

ఘంటసాల కృష్ణా డెల్టాలోని ప్రాచీన గ్రామం. క్రీ.శ. 2వ శతాబ్దంలో టాలమీ పేర్కొన్న కంటకస్సిల అనే వర్తక కేంద్రం ఇదేనని చరిత్రకారులు భావిస్తారు. ఇక్కడి పొలాల్లోని ఒండ్రుమట్టి నది తెచ్చి పరచినదే. అయినా ఈ పరిసరాల్లో కృష్ణలో కలిసే చెప్పుకోదగ్గ ఉపనది ఒక్కటీ లేదు. ఇందుకు కారణం ఏమిటి?

2. ఉపనది, పాయ

ప్రధాన నదిలోకి నీటిని చేర్చే నది ఉపనది. ప్రధాన నది నుంచి చీలి నీటిని తీసుకుపోయేది పాయ. డెల్టాలో భూమి వాలు చాలా తక్కువ. వరద గట్టు దాటినప్పుడల్లా నది తన ఒండ్రును ఒడ్డునే ఎక్కువగా వదులుతుంది. అందువల్ల గట్లు చుట్టూ ఉన్న పొలాల కంటే ఎత్తుగా పెరుగుతాయి. పొలాల్లో కురిసిన వాన నదివైపు రాక, మురుగు కాలువల గుండా సముద్రం చేరుతుంది. నది కూడా ఇక్కడ చీలిపోతుంది. పులిగడ్డ దగ్గర చీలిన పాయల మధ్య ఉన్న భూభాగమే దివిసీమ.

3. ముఖ్య ఉపనదులు

కృష్ణ మహారాష్ట్రలోని మహాబలేశ్వరం వద్ద పుట్టి సుమారు 1,400 కి.మీ. ప్రవహిస్తుంది. పరీవాహక ప్రాంతం సుమారు 2.59 లక్షల చ.కి.మీ. ప్రవాహ దిశకు ముఖం పెట్టి నిలబడితే మన కుడిచేతి వైపున్నది కుడిగట్టు.

కుడిగట్టు ఉపనదులు: కోయినా (కరాడ్ వద్ద కలుస్తుంది), పంచగంగ, ఘటప్రభ, మలప్రభ (కూడలసంగమం), తుంగభద్ర (సంగమేశ్వరం ప్రాంతం).

ఎడమగట్టు ఉపనదులు: భీమ (రాయచూరుకు ఉత్తరాన), దిండి, మూసీ (వాడపల్లి), పాలేరు, మున్నేరు.

కోయినా, తుంగభద్ర, భీమ వంటివి పడమటి కనుమల్లో పుట్టి నైరుతి రుతుపవనాల నీటిని తెస్తాయి. మూసీ, మున్నేరు తెలంగాణలో పుట్టినవి. బంగాళాఖాతంలో వాయుగుండాలు ఏర్పడినప్పుడు వీటికి హఠాత్తుగా వరదలు వస్తాయి.

4. రెండు వరదలు

2009 అక్టోబరు 2న కర్నూలు నగరం మునిగింది. ఆ నీరు శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాలు దాటి రావలసి ఉంది. ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటేసరికి 5వ తేదీ వచ్చింది. కింది గ్రామాలకు సిద్ధపడటానికి సుమారు మూడు రోజులు దొరికాయి.

2024లో పరిస్థితి వేరు. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కృష్ణా, ఖమ్మం ప్రాంతాల్లో భారీ వర్షాలు కురిశాయి. ఎగువ జలాశయాల నుంచి విడుదలైన నీటికి మున్నేరు వరద తోడయింది. మున్నేరు పులిచింతలకు దిగువన, బ్యారేజీకి ఎగువన కలుస్తుంది. దానిపై వరదను నిలిపే పెద్ద జలాశయం లేదు. బ్యారేజీ కూడా నీటిని కాలువలకు మళ్లించేదే గాని వరదను నిలిపేది కాదు. ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. లంక గ్రామాలకు ఈసారి చాలా తక్కువ వ్యవధి దొరికింది.

రెండు సందర్భాల్లో నీటి పరిమాణం దాదాపు సమానమే. దొరికిన వ్యవధి మాత్రం సమానం కాదు. కాబట్టి దివిసీమ వాసులు శ్రీశైలం గేట్ల వార్తతో సరిపెట్టుకోకుండా ఖమ్మం వద్ద మున్నేరు మట్టాన్ని కూడా గమనించాలి.

5. సారాంశం

ఉపనదులు నీటిని కూడగడతాయి, పాయలు పంచుతాయి. ఎంత నీరు వస్తున్నదన్న ప్రశ్నతో పాటు, అది ఏ ఉపనది నుంచి, ఎక్కడ కలిసి వస్తున్నదన్నది కూడా డెల్టాకు ముఖ్యం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. డెల్టాలో కురిసిన వాన నదిలోకి ఎందుకు చేరదు?
2. 2009, 2024 వరదలను పోల్చండి.
3. మీ ఊరి మురుగు కాలువ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలుసుకుని పటం గీయండి.