సముద్రంలోకి పోయే నీరు వృథాయేనా?

పోయిన డిబేటులో నేను "గోదావరి నీరంతా సముద్రంలో కలిసి వృథా అయిపోతోంది" అని గట్టిగా మాట్లాడాను. మీరంతా చప్పట్లు కొట్టారు. ప్రైజుగా నోటుబుక్కు వచ్చింది. తర్వాత సైన్సు మాస్టారు పిలిచి, "ఆ నీటి మీద బతికేవాటి మాటేమిట్రా?" అన్నారు. నాకు జవాబు రాలేదు. సెలవుల్లో కోరంగి చూసి వచ్చాక ఇది రాస్తున్నాను.

మన కొండల నీళ్ళు శబరిలో పడి, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. దిగువన ధవళేశ్వరం వద్ద 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేయించాడు. ఇప్పటి బ్యారేజీ 1982 నాటిది. అక్కడి కాలువల వల్ల సుమారు 10 లక్షల ఎకరాలు పండుతున్నాయి. కాబట్టి రైతుకు నీరు కావలసిందే. మిగిలినది గౌతమి, వసిష్ఠ పాయల్లో సముద్రానికి పోతుంది. వరదల్లో బోలెడు, ఎండాకాలం బహు కొద్ది.

గౌతమి చివర కోరంగి మడ అడవి కలదు. 1978లో దానిని అభయారణ్యం చేశారు. బురదలోంచి మేకుల్లాగా వేర్లు పైకి లేచి ఉంటాయి. చెట్టు వాటితోనే గాలి పీలుస్తుంది. మడ చెట్టు ఉప్పునీటికి తట్టుకుంటుంది. కాని పైనుండి మంచినీరు వచ్చి ఉప్పు విరిగితేనే మొలకలు బాగా ఎదుగుతాయి. ఆ వేర్ల మధ్యే రొయ్యపిల్లలు, పీతలు పెరుగుతాయి. పులస కూడా వరద ఎర్రనీటికి ఎదురీది, గుడ్లు పెట్టడానికి సముద్రంలోంచి ఏట్లోకి వస్తుంది. మరి ఇది వృథా ఎలా అవుతుంది?

అయితే ఎంత నీరు వదిలితే చాలు? ఊరికే చూసి చెప్పలేము, కొలవాలి. ఒకే చోట నెలనెలా నీటి ఎత్తు, ఉప్పు కొలిచి రాయాలి. సముద్రపు పోటుకు ఉప్పు మారిపోతుంది గనుక ప్రతిసారీ పోటులో అదే సమయానికి కొలవాలి. గుర్తు పెట్టిన జాగాలో మొలకలు లెక్కించాలి. వలలో ఏ చేపలు పడ్డాయో రాయాలి. మంచినీరు అందిన పాయ, అందని పాయ రెండూ చూడాలి. లేకపోతే మొలకలు పెరిగింది వదిలిన నీటి వల్లనో, ఆ ఏడు కురిసిన వాన వల్లనో తేలదు. ఇలా చాలా ఏళ్ళు చెయ్యాలి.

మా తాత మా ఊరి వాగులో ఒక బండ చూపించి, "నా చిన్నప్పుడు ఎండాకాలం కూడా ఇది మునిగే ఉండేదిరా" అంటాడు. నిజమే కావచ్చు. కాని ఎవరూ రాసి పెట్టలేదు. రాయని మాట ఎవరు నమ్ముతారు?

అందుకని మన హాస్టల్ వెనక వాగులో అంకెలు వేసిన కర్ర ఒకటి పాతుదాం. ప్రతి ఆదివారం బట్టలు ఉతకడానికి పోయినప్పుడు నీరు ఎంతుందో, ఏ చేపలు కనబడ్డాయో రాద్దాం. వార్డెన్ గారు అనుమతి ఇవ్వవలెనని మనవి. పుస్తకం ఆయన కొననక్కరలేదండీ. డిబేటులో నాకు వచ్చిన నోటుబుక్కు ఖాళీగానే ఉంది, అదే ఇస్తాను.

– 9వ తరగతి విద్యార్థి