ఆకాశవాణి హాస్యము – ఉద్దానపుఁ బలుకుబడి

దృశ్యకావ్యమున హాస్యరసమునకుఁ గల సామగ్రిలోఁ బెక్కువంతు కంటికిఁ దోఁచునదియే. భరతుఁడు చెప్పిన ఆంగిక, వాచిక, ఆహార్య, సాత్త్వికాభినయములలో ఆకాశవాణికి వాచిక మొక్కటియే పూర్తిగా దక్కినది. నాట్యశాస్త్రమున స్మితము మొదలు అతిహసితము వఱకు నవ్వు లాఱు విధములు. అందు స్మితహసితములకు ధ్వని చెప్పఁబడలేదు. మూఁడవదగు విహసితముతోనే నవ్వు చెవికిఁ జేరును. కావున శ్రవ్యమాత్రమగు వినోదమున రచయిత పలుకును, నటుని కాకువును, గాయకుని స్వరమును గలసి వేషభూషల పనిని గూడఁ జేయవలసియున్నది.

ఇట్టి మిశ్రవినోదము మనకుఁ గ్రొత్తది కాదు. బుఱ్ఱకథలోఁ గథకుఁ డొకఁడు, వంత లిద్దఱు, ఆ యిద్దఱిలో నొకఁడు హాస్యమును, వేఱొకఁడు లోకవ్యవహారమును జేపట్టుదురు, గానము మువ్వురిదియు. ఆకాశవాణికిని ఇదియే త్రోవ యైనది. మదరాసు కేంద్రము 1938 జూను 16న, విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న, విశాఖపట్టణ కేంద్రము 1963 ఆగస్టు 4న వెలసినవి. 1957 అక్టోబరు 3న ఆరంభమైన వివిధభారతి పాటలతోఁబాటు హాస్యనాటికలకును దావిచ్చినది. ఇంగ్లండున 1939 నుండి 1949 వఱకు నడచిన ‘ఇట్స్ దట్ మాన్ ఎగెయిన్’ అను వినోదకార్యక్రమమునఁ బాత్రలు తమ తమ ఊఁతపదములచేతనే గుర్తింపఁబడెడివి.

కనఁబడని పాత్రను గుర్తుపట్టించుటకు ఊఁతపదమువలెనే ప్రాంతపుఁ బలుకుబడియు సులభసాధనము. చిక్కు ఇచ్చటనే పుట్టుచున్నది. పలాస, టెక్కలి, ఉద్దానపుఁ దీరమున వాడుకలోనున్న ‘ఏటి’, ‘నాను’, ‘గుంటడు’, ‘సేసినాను’ వంటి మాటలు హాస్యనాటికలలోఁ దఱచుగా సేవకుని నోటనో, అమాయకుని నోటనో వినఁబడును. మాట వినఁబడుటయే తడవుగా నవ్వు. ఈ సీమలోని యొక పాఠశాలలో నేను బోధించుచుండఁగా నొక బాలుఁడు ‘సేసినాను’ అని బదులు చెప్పెను. తోడివారు రేడియోలోని హాస్యగాని స్వరమును ననుకరించి నవ్విరి. ఆ బాలుఁడు ఆ దినమున మఱల నోరు విప్పలేదు. ఈ వ్యాసమునకు హేతువు అదియే.

ఇందుఁ బూర్వపక్ష మొకటి కలదు. విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమున వికృతమైన ఆకార, వేష, చేష్టలతోఁబాటు వికృతవాక్కును గూడ హాస్యకారణముగాఁ జెప్పెను గదా. మాండలికము నవ్వునకు విభావమగుటలో దోష మేమి?

సమాధానము. వికృతి యనఁగాఁ బ్రకృతినుండి తొలఁగుట. ఎవని ప్రకృతినుండి? మాటాడువానిదే గాని వినువానిది కాదు. కన్యాశుల్కమున గిరీశము ఇంగ్లీషు మాటలు చల్లుట వికృతవాక్కు. అది యతఁడు డాబునకై తెచ్చికోలుగాఁ దెచ్చుకొన్న సొమ్ము. ఉద్దానపు రైతు ‘ఏటి’ యనుట యతని ప్రకృతి. దానిని వికృతమనుట లక్షణమునకే విరుద్ధము.

శబ్దశాస్త్రదృష్టితోఁ జూచినను ఫలిత మిదియే. ‘సేసినాను’ అనుచోఁ జకారము సకారమైన మాట నిజమే. కాని ‘చేసినవాఁడను’ అను దాని యాకృతి యందుఁ జెక్కుచెదరక నిలిచియున్నది. కృష్ణాతీరపు ‘చేశాను’లో నడిమి నకారమే లోపించినది. ‘నాను’ అనునది పొరుగుదగు కన్నడమున శిష్టరూపము. పర్లాకిమిడిలో బోధకుఁడై, సవరభాషకు వ్యాకరణమును నిఘంటువులను గూర్చిన గిడుగు రామమూర్తి (1863–1940) ఈ సీమవాఁడే. గ్రంథభాషాభిమానులమగు మనము వారితో నన్నిట నేకీభవింపకున్నను, నోటిమాటను నవ్వుటకు ముందు పరీక్షింపవలెనను పాఠమును వారివద్ద నేర్వవచ్చును.

సంస్కృతనాటకములలో విదూషకుఁడు ప్రాకృతమున మాటాడును. శకుంతలయుఁ బ్రాకృతముననే దుఃఖించును. ఒక్క వాక్కే హాస్యమును గరుణమును మోచినది. ఆకాశవాణిలో నుద్దానపు వాక్కునకును ఈ రెండును దక్కవలెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చేరువఁ దీరము దాఁటి కొబ్బరితోఁటలను జీడితోఁటలను గూల్చినది. అట్టి తీరమున రేడియో వినోదమునకు మాత్రమే కాదు, హెచ్చరికకును నోదార్పునకును సాధనము. తన పలుకు నవ్వులాటకే గాని తక్కినవానికిఁ దగదని నిత్యము వినువాఁడు ఆ యంత్రమును దనదని యెట్లు తలఁచును?

రచయితలకుఁ బాఠశాలాపండితులకు నుపకరించు పరీక్ష యొకటి: అన్వయవ్యతిరేకములు. హాస్యసంభాషణమును శిష్టవ్యవహారమునకు మార్చి చదువుఁడు. నవ్వు నిలిచినచోఁ బాత్రయొక్క లోభమో దంభమో దానికిఁ గారణము, అది నిర్దుష్టము. మార్చినంతనే నవ్వు మాసినచోఁ బలుకుబడి నెగతాళి చేయుటయే యందలి సరకు. శ్లేష యొక్కటియే దీనికి మినహాయింపు. అది శబ్దమునే యాశ్రయించునది గావున మార్పునకుఁ దాళదు. ఈ పరీక్షను దరగతిలో బాలురచేతనే చేయించితిని. నవ్విన బాలురే ‘సేసినాను’ను విడఁదీసి, అందలి ‘చేసిన’ను గనుఁగొనిరి.